సెయింట్ లారెన్స్‌కి అటూ ఇటూ

ఇంగ్లీషు వచ్చినవాడికి ప్రపంచమంతా సొంత వూరేనని మనలో చాలామందికి వొక ధీమా. ఆ ధీమాతోనే నేనూ కెనడా వెళ్లి, మాంట్రియల్‌లో మా చెల్లెలింట దిగాను. మర్నాడు వీధి చివర రొట్టెల దుకాణంలో ముసలావిడని ఇంగ్లీషులో ధర అడిగాను. ఆవిడ ఫ్రెంచిలో యేదో చెప్పింది. నేను గొంతు పెంచి మళ్లీ ఇంగ్లీషులోనే అడిగాను. ఆవిడ ముఖం ముడుచుకుంది. రొట్టె, చిల్లర బల్లమీద పెట్టి అవతలికి తిరిగింది.

ఇంటికొచ్చి, "యేం మర్యాదమ్మా ఇది!" అన్నాను.

మా చెల్లెలు నవ్వింది. "అన్నయ్యా, మన వూరి కొట్టుకి యెవరో వచ్చి, తెలుగులో జవాబు చెబితే వినకుండా హిందీలో కేకలేస్తే నువ్వు వూరుకుంటావా? ఆవిడ చిన్నతనంలో ఇక్కడ ఫ్రెంచివాళ్లని 'తెల్లవాళ్ల భాషలో మాట్లాడు' అని యీసడించేవారు. వాళ్లూ తెల్లవాళ్లేనాయె!"

ఆ సాయంత్రం మా మేనల్లుడు నన్ను సెయింట్ లారెన్స్ వీధికి తీసుకెళ్లాడు. తూర్పుకీ పడమటికీ ఇళ్ల నంబర్లు అక్కణ్ణించే మొదలవుతాయి. తూర్పున ఫ్రెంచివాళ్లు, పడమట ఇంగ్లీషువాళ్లు, నడుమ మనబోటి వలసవాళ్లు - ఇదీ పూర్వపు యేర్పాటు. హ్యూ మెక్లెనన్ 1945లో రాసిన నవలకి 'రెండు ఏకాంతాలు' అని పేరు పెడితే, ఆ మాట దేశానికే సామెత అయింది.

1969 చట్టంతో రెండూ కెనడా అధికార భాషలయ్యాయి. 1977లో క్విబెక్ రాష్ట్రం ఫ్రెంచికి పెద్దపీట వేసింది. వలసవచ్చినవారి పిల్లలు సాధారణంగా ఫ్రెంచి బడిలోనే చదవాలి. అంచేత మావాడికి బడిలో ఫ్రెంచి, ఆటల్లో ఇంగ్లీషు, అమ్మ కోప్పడితే తెలుగు.

ఇంగ్లీషువాళ్ల గోడూ విన్నాను. పక్కింటి ముసలాయన పిల్లలు ఆ రోజుల్లోనే టొరంటో వెళ్లిపోయారట. "పుట్టిన వూళ్లో చుట్టపుచూపుగా వున్నట్టుంది" అన్నాడాయన. 1995లో రాష్ట్రం విడిపోవాలా అని వోట్లు వేస్తే, నూటికి వొక్క వోటుకి కాస్త పైబడిన తేడాతో దేశం నిలిచింది.

విక్టోరియా వంతెన దాటితే నదికి ఆవలివొడ్డున సెయింట్ లాంబర్ట్ అనే వూరుంది. 1965లో అక్కడి ఇంగ్లీషు తల్లిదండ్రులు పట్టుబట్టి, తమ పిల్లలకి శిశుతరగతి నుంచీ ఫ్రెంచిలోనే చదువు చెప్పించారు. మెగిల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాలెస్ లాంబర్ట్ యేళ్లతరబడి పరీక్షించి, ఇంగ్లీషు చెడకుండానే ఫ్రెంచి వచ్చిందని తేల్చాడు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. అయితే అలా చదివిన పిల్లలకి బడి దాటితే ఫ్రెంచి స్నేహితులు తక్కువేనట. భాష నేర్పడం బడి పని. పలకరించడం మాత్రం మన పనే కాబోలు.

ఆ మాట తోచాక సిగ్గేసింది. మేనల్లుణ్ణి గురువుగా పెట్టుకుని రెండు రోజులు సాధన చేశాను. మళ్లీ దుకాణానికి వెళ్లి, "బోన్‌జూర్ మదామ్, ఊన్ బాగెత్, సిల్ వూ ప్లే" అని అప్పజెప్పాను. ఆవిడ ఆగి, నేను నా విద్యార్థుల శషసలు దిద్దినట్టు, నా వుచ్చారణ రెండుసార్లు దిద్దింది. తర్వాత రొట్టె కాగితంలో చుడుతూ, చక్కని ఇంగ్లీషులో అడిగింది:

"ఇంకా యెన్నాళ్లుంటారు మా వూళ్లో?"