పేర్లు మార్చిన నిజం

అనువాదం చేసేవారికి పేర్లు మార్చే అధికారం లేదు. ప్రేమ్‌చంద్ 'గోదాన్'లోని హోరీ తెలుగులోనూ హోరీయే; అతని చుట్టూ ఉన్న మాటలే మారుతాయి. దీనికి పూర్తిగా విరుద్ధమైన నియమంతో నడిచిన రేడియో నాటికలను కొంతకాలంగా పాత రికార్డింగులలో వింటున్నాను. అవి అమెరికాలో జాక్ వెబ్ రూపొందించిన 'డ్రాగ్‌నెట్' నాటికలు. 1949 జూన్ 3న ఎన్.బి.సి. రేడియోలో మొదలై 1957 వరకు సాగాయి. లాస్ ఏంజెలిస్ పోలీసుల దస్త్రాలలోని హత్యలు, దోపిడులు వాటికి ఇతివృత్తాలు. కథ యథార్థమనీ, నిరపరాధుల రక్షణ కోసం పేర్లు మాత్రం మార్చామనీ శ్రోతలకు ముందే చెప్పేవారు.

పారశీకం నుంచి వచ్చిన 'దర్యాప్తు' మనకు పోలీసు మాట. హిందీలో 'దరియాఫ్త్' అంటే అడిగి తెలుసుకోవడమే. ఈ నాటికలలో రెండర్థాలూ కలిసిపోతాయి. సార్జెంట్ జో ఫ్రైడే గొంతు పెంచడు. ఒక తలుపు తడతాడు, అడుగుతాడు, వ్రాసుకుంటాడు, మరొక తలుపు తడతాడు. కంటికేమీ కనబడదు గనుక జవాబు చెప్పేవారి తడబాటే మన మనస్సుకు పట్టుకుంటుంది. 1949 డిసెంబరు 22 నాటి నాటికలో ఇద్దరు బాలురు కనబడకుండా పోతారు. క్రిస్మస్ బహుమతిగా తెచ్చిన రైఫిల్ ప్రమాదవశాత్తు పేలి ఒకడు చనిపోయాడని చివరకు తేలుతుంది. అక్కడ పట్టుకొనడానికి నేరస్థుడు లేడు, దుఃఖమొక్కటే మిగిలింది.

అయితే దస్త్రాలిచ్చిన శాఖే నాటక ప్రతులను కూడా ముందుగా పరిశీలించేది. 1951 డిసెంబరు 25న ఆ శాఖ పోలీసులే తమ నిర్బంధంలో ఉన్న ఏడుగురు యువకులను దారుణంగా కొట్టారు. వారిలో ఐదుగురు మెక్సికన్ సంతతివారు. అటువంటి కథకు ఆ నాటికలలో చోటు దొరుకుతుందని ఎవరు ఆశించగలరు?

మూలాన్ని తు.చ. తప్పక అనుసరించినా, ఆ మూలమే ఒక పక్షం వ్రాసుకున్నదైతే మన విశ్వసనీయత ఎంతవరకు? నాటిక చివర నేరస్థునికి పడిన శిక్ష ప్రకటిస్తారు. హతుని అసలు పేరు మాత్రం వినబడదు. పేరు దాచడం దయే కావచ్చు. కాని చనిపోయినవాడు తన మాట తాను చెప్పుకోలేడు. అతని పక్షాన ఎవరో ఒకరు, ఫ్రైడే వలెనే, గొంతు పెంచకుండా, ఆ దస్త్రం వ్రాసినవారిని కూడా దరియాఫ్త్ చేయాలి.