హైటెక్ సిటీలో మా బోటనీ అమ్మాయి

మా పెద్దమ్మాయి బి.యస్సీ.లో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివింది. ఆ మూడేళ్లూ మా ఇంట్లో ఏ పుస్తకం తెరిచినా ఎండిన ఆకులే! చుట్టాలింటికి వెళ్లినా ముందు పెరట్లోకి నడిచే పిల్ల. అలాంటిది డిగ్రీ చేతికి రాగానే, "అమ్మా, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది, వెళ్తాను" అంది. పనేమిటే అంటే, కంపెనీకి సరుకులిచ్చే వాళ్ల పేర్లు, బిల్లులు కంప్యూటర్‌లో సరిచూడడమట. మొక్కలకీ బిల్లులకీ ఏం సంబంధం చెప్పండి?

మావారికి ససేమిరా ఇష్టం లేదు. బి.ఎడ్. చదివించి టీచరమ్మని చెయ్యాలని ఆయన కోరిక. ఎలాగో ఒప్పించి పంపాను. రెండో నెలలో ఒక రాత్రి ఫోన్ చేసి, "నాకేమీ రావడం లేదమ్మా" అని ఊరుకుంది. అంతే, మావారు నాకు టిక్కెట్టు కొని చేతిలో పెట్టారు. "నాలుగు రోజులుండు. వచ్చేటప్పుడు పిల్లని వెంటబెట్టుకురా" అన్నారు. సున్నుండలు, కందిపొడి, గోంగూర పచ్చడి సర్దుకుని తెనాలిలో రైలెక్కాను.

సికింద్రాబాద్‌లో అమ్మాయి ఎదురొచ్చింది. చిక్కిపోయింది. స్టేషన్‌కి దగ్గర్లోనే మెట్రో ఎక్కాం. లోపలికి వెళ్లేముందు సంచులన్నీ యంత్రంలో పెట్టి చూస్తారు. మా పచ్చడి జాడీ టీవీలో కనబడుతుంటే నాకు నవ్వాగలేదు! ఆ నీలం లైను రైలే అమీర్‌పేట మీదుగా రాయదుర్గం దాకా వెళ్తుంది. హైదరాబాద్‌లో మెట్రో 2017 నవంబర్‌లో మొదలైతే, హైటెక్ సిటీ దాకా 2019లో వచ్చిందట.

అమ్మాయి ఉండేది అమీర్‌పేట హాస్టల్లో. గదికి నాలుగు మంచాలు. కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఆ గదిలో ఒకమ్మాయి బి.కాం., ఒకమ్మాయి తెలుగు ఎం.ఏ., ఇంకొకమ్మాయి ఇంజనీరింగు. నలుగురూ నాలుగు చదువులు, వెతికేది మాత్రం ఒకటే. మా పిల్లకి కంపెనీ ఇచ్చేది నెలకి పన్నెండు వేలు. హాస్టలుకి ఏడు వేలు పోగా మిగిలిన దాంట్లోనే మెట్రో ఖర్చు, సబ్బులూ షాంపూలూ.

మర్నాడు తనతో పాటే బయల్దేరాను. యూసుఫ్‌గూడ, జూబ్లీ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి, మాదాపూర్, దుర్గం చెరువు... రైలు నిండా మెడలో కార్డులు వేసుకున్న పిల్లలే. హైటెక్ సిటీలో దిగితే దగ్గర్లోనే గుండ్రటి సైబర్ టవర్స్. 1998లో దాన్ని ప్రారంభించినప్పుడు పేపర్లో ఫొటో చూసిన గుర్తు. అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. ఆ చుట్టుపక్కల నా కూతురు పని చేస్తుందని కలగన్నానా!

ఆఫీసు గేటు దాకానే నా ప్రయాణం. కార్డు లేనిదే లోపలికి పంపరు. ఆ పగలంతా పక్కనే ఉన్న శిల్పారామంలో గడిపాను. అక్కడ పల్లెటూరి మ్యూజియం ఒకటుంది. కుమ్మరి, సాలె, కమ్మరి అందరూ నిలువెత్తు బొమ్మలై పనుల్లో ఉంటారు. ఆ రోజుల్లో తండ్రి పనే కొడుక్కి. ఏం చేస్తావని ఎవరూ అడిగేవారు కాదు, ఎంచుకునే వీలూ ఉండేది కాదు. మా పిల్లకి ఎంచుకునే వీలుంది, దానితో పాటు ఈ బెంగా ఉంది అనిపించింది.

సాయంత్రం అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. సున్నుండ చేతిలో పెట్టి, "ఇంటికి పోదామా తల్లీ?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"మొదటి నెల బాత్రూంలోకి వెళ్లి ఏడ్చేదాన్నమ్మా. అందరికీ వచ్చిన ఎక్సెల్ నాకు రాదు. అడగాలంటే సిగ్గు. పై ఆఫీసర్ని కూడా పేరుపెట్టి పిలవాలి, నోరు పెగిలేది కాదు. కానీ పోయిన వారం ఒకటి జరిగింది" అంది.

ఒకే వ్యాపారి పేరు నాలుగు రకాలుగా రాసి ఉండడం వల్ల ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు పోబోయిందట. అది కనిపెట్టింది మా పిల్లే!

"తిప్పతీగ అన్నా, గుడూచి అన్నా, అమృత అన్నా మొక్క ఒకటే కదమ్మా. అందుకే శాస్త్రీయ నామం ఒకటి పెడతారు. కాలేజీలో ఆకు అతికించిన ప్రతి షీటు మీదా పేరు, కుటుంబం, ఎక్కడ, ఎప్పుడు దొరికిందీ రాసేవాళ్లం. ఇక్కడా అలాగే ఒక్కో వ్యాపారికి ఒకే పేరు, ఒకే నంబరు పెట్టి పట్టిక చేశాను. అప్పట్నుంచీ అడగడానికి సిగ్గు పోయింది. నాకు తెలిసింది కూడా వాళ్లు నన్నడుగుతున్నారు."

ఇంకేం మాట్లాడను! ఆదివారం ఇద్దరం కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కి వెళ్లాం. దారి పొడుగునా చెట్ల పేర్లు చెబుతూనే ఉంది. చదివింది ఎక్కడికీ పోలేదు.

ఆ రాత్రి మావారికి ఫోన్ చేసి, "నేనొక్కదాన్నే వస్తున్నాను" అన్నాను. ఆయన అటునుంచి చాలాసేపు పలకలేదు. చివరికి, "పచ్చడి సరిపోతుందా దానికి?" అన్నారు.

ఆరు నెలలూ అయ్యాక ఉద్యోగం ఇస్తారో లేదో ఇంకా తెలీదు. ఇవ్వకపోతే బి.ఎడ్. ఎలాగూ ఉంది. కానీ ఓడిపోయి వచ్చానని మాత్రం నా కూతురు అనుకోదు.

మీ పిల్లలూ ఇలా వెళ్తామంటే కోప్పడకండి. ఎన్ని నెలలు, ఎంతిస్తారు, చివర సర్టిఫికెట్ ఇస్తారా అన్నది కాగితం మీద రాయించుకోమనండి. చేర్చుకోవడానికి ఎదురు డబ్బు కట్టమంటే మాత్రం ఆ గుమ్మం తొక్కనివ్వకండి. వీలైతే ఒకసారి వెళ్లి చూసి రండి. ఫోన్లో చెప్పలేనివి బల్ల మీద పక్కన కూర్చుంటే చెబుతారు.