బ్రూవరీ పేరు

నా ఫోన్లో అన్‌టాప్డ్ అనే యాప్ ఉంది. తాగిన ప్రతి బీరుకీ అందులో ఒక ఎంట్రీ పెట్టాలి. పేరు, స్టైల్, ఏ బ్రూవరీ, ఐదుకి ఎన్ని మార్కులు. ఆరేళ్లలో 412 ఎంట్రీలయ్యాయి. మా ఆవిడ దాన్ని తాగుబోతు డైరీ అంటుంది. సినిమా చూసినా, నవల చదివినా ఓ రెండు పేజీలు రాస్తే గాని నిద్ర పట్టని జబ్బు నాది. బీరు ఒక్కదాన్ని ఎందుకు వదిలిపెడతాను?

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మాకు బీరంటే రెండే రకాలు, లైటూ స్ట్రాంగూ. రెండూ లాగర్లే అని కూడా తెలీదు. చల్లగా ఉంటే చాలు. బెంగుళూరులో 2010లోనే ఇందిరానగర్‌లో టాయిట్ మొదలైంది గానీ, మన దగ్గర మైక్రోబ్రూవరీలకి నిబంధనలు వచ్చింది 2015లో. ఆ తర్వాత జూబ్లీహిల్స్‌లో ప్రోస్ట్ లాంటివి తెరిచారు. అద్దాల వెనక పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు, వాటి ముందు వీకెండ్ జనం. అక్కడే మొదటిసారి హెఫవైజెన్ తాగాను. ఒక్క గుక్కకే అరటిపండు వాసన. "ఇందులో అరటిపండు వేశారా?" అనడిగితే ఆ బ్రూవర్ కుర్రాడు నవ్వాడు. అరటిపండు లేదు, లవంగమూ లేదు, రెండు వాసనలూ ఈస్టు పుట్టించేవే. ట్యాంకు కాస్త చల్లగా ఉంచితే లవంగం తేలుతుంది, వేడి పెంచితే అరటిపండు తేలుతుంది. అంటే ఒక బాక్టీరియా కంటే కాస్త పెద్ద జీవికి ఏసీ రిమోట్‌తో మూడ్ మార్చడం. కోడ్ రాసి బతికే వాణ్ణి, ఈ మాటకి పడిపోయాను.

ఇక అక్కణ్ణుంచి చదువుడే చదువుడు. బెల్జియన్ విట్‌లో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. హోహార్డెన్ అనే ఊళ్లో ఆ స్టైల్ పూర్తిగా పోతే 1966లో పియర్ సెలిస్ అనే పాలవ్యాపారి మళ్లీ బతికించాడు. ఇండియా పేల్ ఏల్ కథ అందరూ చెప్పేదే, ఓడ ప్రయాణంలో చెడిపోకుండా హాప్స్ దట్టించి కనిపెట్టారని. అంత లేదు. అదే కాలంలో నల్లటి పోర్టర్ కూడా అవే ఓడల్లో క్షేమంగానే వచ్చి దిగేది. స్టౌట్ నాకు పెద్దగా ఎక్కదు, వదిలేద్దాం.

నీళ్ల సంగతి మాత్రం చెప్పాలి. ఇంగ్లండ్‌లో బర్టన్ అనే ఊరి నీళ్లలో జిప్సం ఎక్కువ, అందుకే అక్కడి పేల్ ఏల్‌లో చేదు అంత పదునుగా ఉంటుంది. పిల్సెన్‌లో నీళ్లు మెత్తన, అక్కడి బీరూ మెత్తన. హైదరాబాద్ బ్రూవర్ కుర్రాడు నీళ్లని ఆర్‌వో పట్టి, ఉన్న లవణాలన్నీ తీసేసి, స్టైల్‌ని బట్టి కావలసినవి మళ్లీ తూకం వేసి కలుపుతాడు. ఇది వింటూ మా నల్లగొండ గుర్తొచ్చి నవ్వుకున్నాను. నీళ్లశుద్ధి పుస్తకాల్లో మా జిల్లా పేరుతో ఏకంగా ఒక పద్ధతే ఉంది. పటికా సున్నమూ వేసి ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ టెక్నిక్. మా నీళ్లకి వచ్చిన ప్రపంచఖ్యాతి అది.

ఆఫీసు పని మీద బ్రసెల్స్ వెళ్లినప్పుడు, కొలీగ్స్‌తో కలిసి టికెట్ కొనుక్కుని మరీ కాంటియోన్ బ్రూవరీ చూశాను. 1900లో పెట్టింది. చేసేది లాంబిక్. బార్లీ మాల్ట్‌తో పాటు మొలకెత్తించని గోధుమ వేసి కాస్తారు. ఆ కాచిన నీళ్లని ఈస్టు వెయ్యకుండా పైకప్పు కింద వెడల్పాటి రాగి తొట్టెలో రాత్రంతా తెరిచి పెడతారు. గాలిలో, దూలాల్లో ఉన్న సూక్ష్మజీవులే వచ్చి పడతాయి. చలికాలంలోనే చేస్తారు. తర్వాత పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్లు. సాలెగూళ్లని కూడా కదపరు, సాలీళ్లు పురుగుల్ని పడతాయని. గ్లాసు చేతికిచ్చారు. ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే మా తాత లొట్టి వాసన.

మాది దేవరకొండ దగ్గర పల్లె. తాత గీత కార్మికుడు. నా చిన్నప్పుడు పోద్దాడు మీంచి పడ్డాడు. ప్రాణం పోలేదు, నడుం పోయింది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు మంచంలోనే ఉన్నాడు. ఆయన్ని చూసి బాపు మోకు ముట్టలేదు, నన్ను ముట్టనియ్యలేదు. కండక్టర్ ఉద్యోగం సంపాదించి, టౌన్లో కిరాయింట్లో ఉండి, నన్ను చదివించాడు. బళ్లో ఎవరైనా "కల్లోళ్ల పోరడు" అంటే తల దించుకుని పోయేవాణ్ణి. బ్రసెల్స్‌లో ఆ గ్లాసు పట్టుకుని నేను కొలీగ్స్‌కి చెప్పింది ఒకటే ముక్క, "చాలా కాంప్లెక్స్‌గా ఉంది" అని. తిరిగొచ్చాక లాంబిక్ మీద మూడు వేల పదాల వ్యాసం రాశాను. అందులో కల్లు అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

మొన్న ఫిబ్రవరిలో బెంగుళూరు నుంచి కొలీగ్ ఒకతను వచ్చాడు. అతనూ యాప్ మనిషే. "మీ వైపు లోకల్ బ్రూవరీ ఏమీ లేదా?" అన్నాడు సరదాకి. ఉంది రమ్మన్నాను. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా శనివారం సాయంత్రానికి దేవరకొండ చేరాం. పొద్దు గుంకే ముందు పద్మనాయకుల ఖిలా గుమ్మాల దాకా ఎక్కి దిగాం. తెల్లారి ఆరున్నరకల్లా చిన్నాయిన చెట్ల దగ్గరున్నాం. బాపు వదిలేసిన మోకు ఆయన పట్టుకున్నాడు. అరవై దాటాయి, ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు. కొడుకు హైదరాబాద్‌లో డెలివరీ బండి తోలుతాడు.

ముస్తాదు నడుముకి కట్టి, మోకు చెట్టు చుట్టూ వేసి, కాళ్లకి గుజి తొడిగి, ఎక్కాడు. 2024లో సర్కారు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. "నీకియ్యలేదా చిన్నాయినా?" అని అడుగుదామనుకున్నాను, అడగలేదు. చిన్నాయినా అని పిలవాల్సి వస్తుందని అడగలేదేమో. ఇప్పుడాలోచిస్తే అంతే.

పైన గెల చివర సన్నటి పొర గీసి, నిండిన లొట్టి దించాడు. చెట్టు నుంచి బొట్టు రాలేటప్పుడది తియ్యటి నీరా. లొట్టిలో పడ్డ క్షణం నుంచే పని మొదలు. నిన్నటి కల్లు తాలూకు ఈస్టూ బాక్టీరియా ఆ కుండ గోడల్లోనే కాచుకుని ఉంటాయి. లోపల సున్నం పూస్తే పని ఆగిపోతుంది, తాటిబెల్లానికి అలాగే చేస్తారు. లాంబిక్‌కి మూడేళ్లు పట్టేది దీనికి ఒక రాత్రిలో అవుతుంది, మధ్యాహ్నానికి పులుస్తుంది, మర్నాటికి పనికిరాదు. సీసాలో పెడితే మూత ఎగిరిపోతుంది. అందుకే దానికి బ్రాండు లేదు. పట్నంలో రోజంతా దొరికే దాంట్లో చాలా చోట్ల చెట్టు తక్కువ, అల్ప్రాజోలం ఎక్కువ. ఆ కేసులు పేపర్లో చూసిన వాళ్లకి కల్లంటే అదే.

రేకలో పోశాడు. కొలీగ్ గొంతుక్కూర్చుని రెండు చేతులతో పట్టుకుని తాగాడు. కళ్లు పెద్దవయ్యాయి. ముందు తీపి, వెంటనే పులుపు, చివర్లో పొగలాంటిదేదో. చిన్నాయిన ఇంకో లొట్టిలోంచి పోసి, "ఇది చెర్వుకట్ట మీది పరుపుదాడు. గదానికంటె జల్ది పులుస్తది. నోట్ల పెట్టంగనె తెలుస్తది" అన్నాడు. ఆరేళ్లు మార్కులు వేసిన నా నాలిక్కి తేడా లీలగా తెలిసింది, అంతే.

కొలీగ్ లొట్టిలోకి తొంగి చూశాడు. చచ్చిన తేనెటీగలు, అంచుకి నల్లటి పొర. "కడుగుతారా దీన్ని?" అని ఇంగ్లీషులో అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోపే, "మీ రిలేటివా?" అన్నాడు.

"కాదు, ఊళ్లో తెలిసినాయన."

ఇంగ్లీషులోనే అన్నాను. రిలేటివ్ అన్న ముక్కకి చిన్నాయినకి అనువాదం అక్కర్లేదు. ఆయన నా వైపు చూడలేదు. కత్తి నూరుకుంటూ ఉన్నాడు.

కొలీగ్ ఫోన్ తీసి ఎంట్రీ మొదలుపెట్టాడు. స్టైల్‌కి వైల్డ్ ఏల్ ఎంచుకున్నాడు, అంతకంటే దగ్గరిది లేదు. "బ్రూవరీ పేరేమని రాయను?" అన్నాడు. చేత్తో చూపిస్తూ చిన్నాయినని అడిగాడు, నేమ్, నేమ్ అని. చిన్నాయిన నన్నే చూస్తూ అన్నాడు, "మీ తాత పేరు రాయమను. పెట్టిన చెట్టు ఆయనదే."

ఏమన్నాడని కొలీగ్ అడిగితే, పేరు అక్కర్లేదంటున్నాడని చెప్పాను.

తిరిగి వస్తూ మాల్‌లో చాయ్ తాగుతున్నప్పుడు చెప్పేశాను, ఆయన మా బాపు తమ్ముడని. కొలీగ్ "ఓ" అన్నాడు. కాసేపాగి, మరి నీకూ ఎక్కడం వచ్చా అనడిగాడు. రాదన్నాను. కారు వెనక సీట్లో బాపు కోసం ఇచ్చిన లొట్టి ఉంది. మూతికి తాటాకు కుక్కి, పడిపోకుండా నా లాప్‌టాప్ బ్యాగు ఆనించి పెట్టాడు చిన్నాయిన. ఇంటికొచ్చేసరికి బ్యాగంతా నురగ.

బాపు ఒక గుక్క తాగి, "చెర్వుకట్టదా?" అన్నాడు.

చిన్నాయినకి ఫోన్ చెయ్యాలి. పండుదాళ్లకి గీత మొదలైనంక మళ్ల రమ్మన్నాడు, బండి ఎక్కేటప్పుడు.