వీధి ముఖం

సంస్కృత లాక్షణికులు చెప్పిన దశరూపకాలలో ‘వీథి’ ఒకటి. తెలుగులో ఆ మార్గాన వెలసిన ప్రసిద్ధ రచన వినుకొండ వల్లభరాయని ‘క్రీడాభిరామం’. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగంటి వీధులలో తిరుగుతూ ఉంటారు. కోడిపందెం, పొట్టేళ్ళ పోరు, పూటకూటి ఇల్లు, పలనాటి వీరుల కథాగానం - కంటబడినదల్లా పద్యమై నిలుస్తుంది. రాజసభ కాదు, వీధిలోని జనమే అక్కడ కావ్యవస్తువు. ఆ చూపు అంతటా నిర్మలమని చెప్పలేము; స్త్రీలను వర్ణించేచోట విటుల కన్ను దాగదు. అయినా నగరం మనసు మేడలలో కాక నడకలో తెలుస్తుందని ఆ కవి గ్రహించాడు. నేటి వీధి ఛాయాచిత్రకారుని పని కూడా ఇదే. పద్యానికి బదులు అతని చేతిలో కెమెరా ఉన్నది.

అయితే కెమెరా కన్ను తెరచిన తొలినాళ్ళలో దానికి జనం కనిపించలేదు. 1838లో డాగేర్ పారిస్ నగరంలోని రద్దీ వీధి నొకదానిని పైనుండి చిత్రించాడు. పలకమీద రూపం ఏర్పడడానికి నిమిషాలు పట్టే కాలమది. ఆలోగా కదలిపోయిన బండ్లు, బాటసారులు చిత్రంలో మాయమయ్యారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిన ఒక్కడు మాత్రం మిగిలాడు. అతని కాళ్ళ దగ్గర పనిచేస్తున్నవాడు పరికించి చూస్తేనే తెలిసేటంత మసకగా ఉన్నాడు. నిలిచే తీరిక గలవానికే ఆనాటి చిత్రంలో చోటు.

తెలుగునాట ఈ కళకు రాజగౌరవం తెచ్చినవాడు లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. 1880ల దశకంలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై ‘రాజా’ బిరుదు పొందాడు. పరదా పాటించే స్త్రీలకోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచాడు. ఆయన చిత్రాలలో వేటలు, విందులు, ప్రాసాదాలు, సైనిక విన్యాసాలు విస్తారంగా ఉన్నాయి. వీధిజనం చాలావరకు కట్టడాల పాదాల చెంత చీమలవలె కనిపిస్తారు. అది ఆయన దోషం కాదు. చిత్రం ఎవరికోసం తీస్తారో వారే దానిలో పెద్దగా కనిపించడం లోకరీతి.

1925లో లైకా కెమెరా అంగడికి వచ్చింది. ముక్కాలిపీట అవసరం తప్పింది. హెన్రీ కార్టియే-బ్రెసాన్ వంటివారు దానిని గుప్పిట దాచుకొని జనంలో కలిసిపోయారు. ఇప్పుడా పనికి జేబులోని ఫోను చాలు.

దీన్‌దయాళ్ స్టూడియో నడిపిన సికింద్రాబాదుకు ఉత్తరంగా, అల్వాల్ దాటాక మచ్చ బొల్లారం వస్తుంది. పక్కనే బొల్లారం, ఒకనాటి దండు. అక్కడి బ్రిటిష్ రెసిడెంటు విడిదియే నేటి రాష్ట్రపతి నిలయం. 2007లో అల్వాల్ పురపాలక సంఘం మహానగరంలో విలీనమైంది, 2023లో ఎం.ఎం.టి.ఎస్. రైలు ఈ దారిన మేడ్చల్ వరకు సాగింది. ఇవన్నీ పుస్తకాలలో దొరుకుతాయి. వీధిలో దొరికేవి వేరు. పాత పెంకుటింటి అరుగుమీద పడే కొత్త అపార్ట్‌మెంటు నీడ, ఆ నీడ జరిగినప్పుడల్లా తన మంచం జరుపుకొనే వృద్ధుడు. తెల్లవారుజామున పాలపాకెట్ల డబ్బాల చప్పుడు, సాయంకాలం మిరపకాయ బజ్జీల బండి చుట్టూ గుమిగూడిన బడిపిల్లల సంచులు. ఆషాఢంలో పసుపు పూసిన బోనం ఎత్తుకొని వాహనాల వరుసను ఆపి సాగే ఇల్లాలు. ఊరు నగరమవుతున్న ఈ సంధికాలంలో ఒక్క వీధికే గంటకొక ముఖం. దానిని పట్టదలచినవాడు పరుగెత్తరాదు. వెలుగు బాగా పడే గోడ నొకదానిని ఎంచుకొని, మనిషి వచ్చేవరకు ఓపికగా నిలబడాలి.

అతడు తప్పక చేరే చోటు కూలీల అడ్డా. ఉదయం ఏడు గంటలకు అక్కడ తాపీలు, రంగుల కుంచెలు, అన్నం డబ్బాలు, మాటలు, నవ్వులు. మేస్త్రీ బండి ఆగగానే అందరూ ఒక్కసారిగా కదలుతారు, చిత్రం చెదురుతుంది. పది దాటాక నలుగురైదుగురు మిగులుతారు. ఎండ ఏటవాలుగా ముఖాలమీద పడుతుంది. ఎవరూ కదలరు. చిత్రకారునికి ఇంతకంటె అనువైన వేళ లేదు. బహుమతులు తెచ్చే చిత్రాలు ఎక్కువగా ఈ వేళవే. పని దొరకినవారు వెళ్ళిపోయారు. దొరకనివారే కెమెరాకు దొరికారు. పారిస్ వీధిలో నిలిచినవాడు తీరికతో నిలిచాడు. వీరిది తీరిక కాదు.

అప్పుడు వారిలో ఒక స్త్రీ కొంగు ముఖానికి అడ్డుపెట్టుకొని అడుగుతుంది:

“పని దొరకని దినం ఫోటో ఎందుకు బిడ్డా? పని చేస్తుంటే వచ్చి తియ్యరాదు!”

ఈ మాటకు చట్టంలో జవాబు వెదకడం వ్యర్థం. బహిరంగ ప్రదేశమని, కళాస్వేచ్ఛ అని వాదించవచ్చు. వాదించి తీసిన చిత్రంలో ఆమె దిగులుతో పాటు అతని మొండితనమూ పడుతుంది. మంచి చిత్రకారుడు కెమెరా దించి, పక్కన కూర్చొని ఒక చాయ్ తాగుతాడు. మరునాడు ఆమె పనికి వెళ్ళే చోటు అడిగి తెలుసుకుంటాడు.

అక్కడ, సగం కట్టిన మేడ మెట్లమీద, వెలుతురు తక్కువ. ధూళి దట్టంగా ఉంటుంది. ఇటుకల తట్టతో ఆమె గబగబా ఎక్కుతూ ఉంటే నిలువుమని అనలేడు. తీసిన చిత్రంలో ఆమె ముఖం కొంచెం చెదిరి ఉన్నది. తట్టను పట్టుకొన్న చేయి మాత్రం స్పష్టంగా పడింది. చూపిస్తే ఆమె నవ్వి, ఇంటికి తీసుకుపోవడానికి ఒక ప్రతి కావాలన్నది.