ఆక్స్‌ఫర్డుకు ఒక దినము

ఇంగ్లాండులోనున్న తమ బిడ్డలయొద్దకు వెళ్లు తలిదండ్రులు, ఆక్స్‌ఫర్డుకు ఒక దినము కేటాయింపవచ్చునా అని మమ్మును అడుగుచున్నారు. లండన్ పాడింగ్టన్ స్టేషనునుండి రైలులో సుమారు గంట ప్రయాణము. క్రైస్ట్ చర్చి కళాశాల చూచుటకు టిక్కెట్టు కొనవలెను. సెయింట్ మేరీ దేవాలయములో ప్రవేశము ఉచితము. ప్రాణభయముచేత తన విశ్వాసమును కాదని సంతకము చేసిన ఆర్చిబిషప్ క్రాన్మర్, 1556 మార్చి 21న అక్కడనే ఆ సంతకమును త్రోసిపుచ్చెను. వెంటనే ఆయనను దహించుటకు తీసికొనిపోయిరి. సంతకము చేసిన చేతినే ఆయన మొదట మంటలో చాపెను. బ్రాడ్ వీధిలో రోడ్డుమీద రాళ్లతో పరచిన సిలువ ఇందుకు గుర్తు. దేవాలయమునుండి అక్కడికి కొద్ది నిమిషముల నడక.

భవనములు చూచుటకే అయితే లండన్ చాలును. పడి లేచిన విశ్వాసి కడవరి నడకను నడవగోరువారికి ఆ దినము వ్యర్థము కాదు.