కంచము ముందు కన్నీరు

తినుటకు లేక పస్తులుండువారిని లోకమెఱుగును. వారిపై జాలిపడనివారుండరు. కాని వండి వడ్డించిన అన్నము ఎదుట నుండగా తినలేక, దినదినము కృశించిపోవువారు కూడ కలరని నేను చాలకాలము వఱకు ఎఱుగను. మా చెల్లెలి మూలమున అది నాకు తెలిసినది. తెలియుటకు ముందు నేను చేసిన తప్పును కూడ ఇచ్చట దాచక చెప్పెదను.

ఆమె మా పినతండ్రిగారి కుమార్తె. 2003వ సంవత్సరమున తొమ్మిదవ తరగతి ముగించి, వేసవి సెలవులకు తెనాలిలోని మా యింటికి వచ్చెను. చదువులో తరగతి కెల్ల మొదటిది. వ్రాతలో ఒక్క కొట్టివేత యున్నను పుటయంతయు చింపి తిరిగి వ్రాయునంతటి పట్టుదల గలది. ఆ వేసవిలో ఆమె శనివారమని యొకనాడు, ఏకాదశియని యొకనాడు భోజనము మానుచుండెను. ఏ వ్రతమును లేనినాడు "ఆకలి లేదు నాయనమ్మా!" అనెడిది. "ఇంత చిన్నవయసున ఎంత భక్తి!" యని మా నాయనమ్మ మురిసిపోయెడిది. నేనును "నిగ్రహమనిన నీదేనమ్మా! మేమందఱము నాలుకకు దాసులము" అని పదిమంది యెదుట మెచ్చుకొంటిని.

వింత యేమనగా, ఆమె వంటయింటిని విడువకుండెను. వారపత్రికలలోని వంటల శీర్షికలను కత్తిరించి నోటుపుస్తకమున అంటించుకొనెడిది. అరిసెలును జంతికలును చేసి అందఱికిని కొసరి కొసరి వడ్డించెడిది. తాను మాత్రము రుచియైన చూడదు. రోహిణికార్తె యెండలలో సైతము ఆమె చేతులు చల్లగా నుండెడివి. దుప్పటి కప్పుకొని కూర్చుండెడిది. ఈ గుర్తులన్నియు మా కన్నుల యెదుటనే యున్నవి. మేమెవ్వరమును వానిని చదువనేరకపోతిమి.

ఒకనాటి యుదయమున ఆమె మేడమెట్లపై సొమ్మసిల్లి పడిపోయెను. ఒక వైద్యుడు అజీర్ణమనెను. మఱియొకరు బలమునకు టానిక్కు వ్రాసి యిచ్చిరి. ఇరుగుపొరుగువారు దిష్టి యనిరి. మా పినతండ్రి "ఇది వట్టి పొగరు" అని కసరి, ఆమెను కంచము ముందు కూర్చుండబెట్టెను. ఆమె మెతుకు ముట్టలేదు; కన్నీరు మాత్రము కంచములో పడెను. అది చూచి ఆయన చేయి కడుగుకొని లేచిపోయెను. ఆనాడు ఆ యింట ఎవ్వరును భుజింపలేదు.

తుదకు గుంటూరులో నొక మనోవైద్యురాలు ఆమెను పరీక్షించి, మమ్ములను కూర్చుండబెట్టి యిట్లు చెప్పెను: "ఇది పొగరు కాదు, భక్తియు కాదు, ఇది యొక వ్యాధి. అనొరెక్సియా నర్వోసా యని దీని పేరు. లావెక్కుదునేమో యను భయము ఈ బిడ్డ మనసును పట్టుకొన్నది. ఎంత చిక్కిపోయినను అద్దములో తాను స్థూలముగానే తనకు తోచుచున్నది. మనోవికారము వలన ఆకలి లేకపోవుట యని ఆ పేరునకర్థము. కాని ఆ పేరు పూర్తిగా సరియైనది కాదు. ఆకలి పోలేదు. ఆకలియు భయమును లోపల పోరాడుచున్నవి, భయము గెలుచుచున్నది."

అటుపిమ్మట ఆ వ్యాధిని గూర్చి దొరికిన గ్రంథములన్నియు చదివితిని. ఇది నేటి నాగరికత తెచ్చిన క్రొత్త జాడ్యమని నేననుకొంటిని, అది పొరపాటు. 1689లోనే రిచర్డ్ మోర్టన్ అను ఆంగ్లవైద్యుడు, మనోవ్యథ వలన తిండి మాని క్షీణించిన యొక యువతి కథను వ్రాసెను. 1873లో పారిసులో లాసేగ్, లండనులో సర్ విలియం గల్ ఒకరితో నొకరికి సంబంధము లేకయే ఈ వ్యాధిని వర్ణించిరి. నేటి పేరు గల్ పెట్టినదే.

నన్ను మిక్కిలి కదలించినది వేఱొక వృత్తాంతము. రెండవ ప్రపంచయుద్ధపు తుదినాళ్లలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన 36 మంది యువకులకు 1945లో 24 వారములు అరకొర తిండి పెట్టి పరిశోధించెను. వారందఱు ఆరోగ్యవంతులు. అయినను తిండి తగ్గిన కొలది వారికి చలి పుట్టెను. గుండె నెమ్మదిగా కొట్టుకొనెను. చిరాకును దిగులును పెరిగెను. ఎల్లప్పుడును భోజనమును గూర్చిన తలంపే. కొందఱు వంటల పుస్తకములు చదువసాగిరి! ఇది చదివినప్పుడు మా చెల్లెలి నోటుపుస్తకము నా కన్నులకు కట్టినది. మనసు చెడి తిండి తగ్గును. తిండి తగ్గిన మనసు మఱింత చెడును. ఆ సుడిగుండములో చిక్కినవారు తమంత తాము వెలికి రాజాలరు.

ఇది ప్రాణములను సైతము హరింపగలదు. అమెరికాలో పేరొందిన గాయని కారెన్ కార్పెంటర్ 1983లో, 32 సంవత్సరముల వయసున, ఈ వ్యాధి తెచ్చిన గుండెజబ్బుతో మరణించెను. పిదపనే అనేకులు దీని పేరు వినిరి. బాలికలలో ఎక్కువయైనను బాలురకును ఇది రావచ్చును. దీనికి కారణము ఒక్కటి కాదు. వంశము నుండి వచ్చునది కొంత కలదని 2019లో ప్రకటింపబడిన పెద్ద పరిశోధన చూపినది. ఆందోళన, ఏ పనియందును లోపముండరాదను పట్టుదల, సన్నదనమే సౌందర్యమను లోకపు మాట దానికి తోడగును.

చికిత్స ఓర్పుతో కూడినది. మిక్కిలి క్షీణించినవారికి ఒక్కసారిగా అధికాహారము పెట్టుట ప్రమాదము; వైద్యుల కనుసన్నలలో క్రమముగా పెంచవలెను. తల్లిదండ్రులు నిందింపక, భోజనభారమును తామే వహించి బిడ్డను నడిపించు పద్ధతి యొకటి 1980వ దశకమున లండనులోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపొందినది. మా వైద్యురాలు మాకు బోధించినదియు అట్టిదే. "పొగరు" అన్న మా పినతండ్రియే పూటపూటకు కుమార్తె ప్రక్క గంటసేపు కూర్చుండి, చిన్ననాటి కథలు చెప్పుచు తినిపించెను. కొన్నినాళ్లు మెఱుగు, మఱల వెనుకంజ. ఇట్లు రెండేండ్లు గడచెను.

ఒకనాడు ఆమె నాతో మెల్లగా ననెను: "అన్నయ్యా! నీవు నా నిగ్రహమును మెచ్చుకొన్న దినమున, రేపు ఇంకను తక్కువ తినవలెనని అనుకొంటిని." నాకు నోట మాట రాలేదు. వ్యాధికి నేను కారణము కాకపోవచ్చును. కాని మునుగుచున్న బిడ్డను చూచి, ఎంత బాగుగా ఈదుచున్నదని చప్పట్లు కొట్టితిని.

2005 సంక్రాంతికి ఆమె అరిసెలు వండెను. అందఱికిని పెట్టి, తుదకొక అరిసెను తుంచి తన నోట వేసికొనెను. మెచ్చుకొనవలదని వైద్యురాలు ముందే చెప్పియుండుటచే మేమెవ్వరమును మాటాడలేదు. నాయనమ్మ మాత్రము పమిటచెంగుతో కన్నులొత్తుకొనెను. నేడు మా చెల్లెలు ఒక పాఠశాలలో గణితము బోధించుచున్నది.

బాలబాలికలారా! ఒకరి దేహమును చూచి లావనియు సన్నమనియు పరిహసింపకుడు, పొగడుటయు వలదు. మీ స్నేహితులు నిత్యము అన్నమునకు వెఱచి తప్పించుకొనుచున్నచో, ఆ రహస్యమును దాచుట స్నేహము కాదు. తల్లిదండ్రులకో ఉపాధ్యాయులకో వెంటనే చెప్పుడు. ఆ భయము మీలోనే యున్నచో సిగ్గుపడకుడు. జ్వరము వచ్చిన చెప్పినట్లే చెప్పుడు. చెప్పిన వ్యాధికి చికిత్స కలదు.