శక్తికి మించిన భారం

ఇంటర్ చదువుతున్న మా చిన్నవాడు ఒకనాడు అస్ర్ నమాజు తర్వాత మా ఎదుట నిలిచి, "అబ్బా, మన ల్యాప్‌టాప్‌మీద బీమ్‌ఎన్‌జీ డ్రైవ్ నడుస్తుందేమో చూడనా?" అని అడిగాడు. ఆటలకిదా సమయమని కసరబోయి, ఎందుకో ఆగి వాని పక్కన కూర్చున్నాము.

ఆ ఆటలో కారు కేవలం బొమ్మ కాదు. అనేక బిందువులను కడ్డీలతో కలిపి అల్లిన చట్రం. గుద్దుకున్నప్పుడు ఏ భాగం ఎంత వంగాలో సెకనుకు 2000 మార్లు లెక్క కడుతుంది. మా ల్యాప్‌టాప్‌కు ఉన్నది 8 జీబీ ర్యామ్; వేరుగా గ్రాఫిక్స్ కార్డు లేదు. తెర బిగుసుకుపోయింది, ఫ్యాను రొద పెట్టింది, అడుగుభాగం కాలింది.

వాడు విసుగు చెందలేదు. నీడలు తీసివేశాడు. రిజల్యూషన్ తగ్గించాడు. చిన్న మైదానంలో ఒక్క కారునే ఉంచాడు. బండి మెల్లగా కదిలింది. "దాని శక్తి ఇంతే అబ్బా! మనమే తగ్గించి అడగాలి" అన్నాడు.

ఆ మాట మా గుండెకు తాకింది. తెల్లవారుజామున హిఫ్జ్, పగలు కాలేజీ, రాత్రి కోచింగ్. మూడు నెలలుగా వాడు సబఖ్‌లో తడబడుతుంటే కోపగించామే గాని, మోపిన భారాన్ని తూచలేదు. అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం వేయడని తెలిపే బఖరా సూరా చివరి ఆయత్‌ను ఏళ్ల తరబడి బోధిస్తున్న వారము మేము!

ఆ రాత్రే కోచింగ్ మాన్పించాము. సబఖ్‌ను అరపేజీకి తగ్గించాము. ఆదివారం గంటసేపు ఆటకు అనుమతించాము. అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక!